మీ కాలనీని గట్టిగా, భద్రంగా, చూడచక్కగా ఉంచుకోవాలంటే: వరంగల్ వాళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

"సంఘం ఉందన్నా, గేటు మీద బోర్డు కూడా ఉంది, కానీ ఒక్క పనీ కావట్లేదు, ఏం చేయాలి?" అని హనుమకొండ నుంచి, కాజీపేట నుంచి, కరీమాబాద్ నుంచి అడుగుతూనే ఉన్నారు. అందుకే ఏది ముందు, ఏది వెనక అన్నది ఒక్కచోట రాస్తున్నా. వరుస మార్చకండి. మోరీ కట్టకముందే సీసీ రోడ్డు వేయించుకుని, దీపాలు వెలగకముందే కెమెరాలు కొని, రెండేళ్లకు రెండూ పాడై మళ్లీ మొదటికొచ్చిన కాలనీలు మన ఊళ్లో చాలా ఉన్నాయి.

## 1. మీటింగ్ కంటే ముందు కాలనీ అంతా నడవండి

మీటింగ్‌తో మొదలుపెడితే ఎవరి ఇంటి ముందు సమస్య వాళ్లు చెప్పి, గొంతులు పెంచి, లేచిపోతారు. ముందు నలుగురైదుగురు కలిసి నడవండి. అందులో కనీసం ఇద్దరు ఆడవాళ్లు, ఒక ముసలాయనో ముసలావిడో ఉండాలి. ఏ సందులో భయమేస్తుందో, ఏ మోరీ బిళ్ల మీద కాలు జారుతుందో వాళ్లకు తెలిసినట్టు కారులో వచ్చిపోయేవాళ్లకు తెలియదు.

మూడుసార్లు నడవాలి. పొద్దున చెత్త బండి వచ్చే వేళ ఒకసారి, రాత్రి 8 దాటాక ఒకసారి, గట్టి వాన ఆగిన అరగంటలోపు ఒకసారి. ఈ మూడోది చాలామంది వదిలేస్తారు, కానీ నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎక్కడ ఆగుతున్నాయో ఆ అరగంటలోనే కనపడుతుంది, ఎండ కాశాక ఎన్ని ఫొటోలు తీసినా తెలియదు.

వెంట ఉండాల్సినవి:

- కాలనీ గీత పటం (లేఅవుట్ కాపీ దొరికితే మంచిది, లేకపోతే తెల్ల కాగితం మీద చేత్తో గీసింది చాలు)
- కొలత టేపు, టార్చ్
- ఫోన్‌లో తేదీ, లొకేషన్ పడేలా పెట్టుకున్న కెమెరా
- కరెంటు స్తంభాల నంబర్లు రాసుకోవడానికి పుస్తకం

ప్రతి సమస్యకూ ఒక నంబరు వేసి పటం మీద గుర్తు పెట్టండి. "మా గల్లీలో లైట్లు లేవు" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. "ఫలానా నంబరు స్తంభం నుంచి ఫలానా నంబరు దాకా నాలుగు దీపాలు వెలగట్లేదు" అని రాస్తే లైన్ చూసే మనిషి నేరుగా అక్కడికే వస్తాడు.

## 2. ఏ పని ఎవరిదో తేల్చుకోండి

సగం అర్జీలు తప్పు ఆఫీసుకు పోయి అక్కడే ఉండిపోతాయి. స్తంభం, తీగ కరెంటు సంస్థవి, అంటే ఎన్పీడీసీఎల్‌వి. ఆ స్తంభానికి వేలాడే వీధి దీపం కార్పొరేషన్‌ది. దీపం పోతే కార్పొరేషన్‌కు, తీగ కిందకు జారితే 1912కు ఫోన్ చేయాలి.

- చెత్త, ఊడ్చడం, మోరీ పూడిక, దోమల మందు: కార్పొరేషన్ పారిశుద్ధ్య విభాగం. మొదట జవాన్ (సఫాయి పనులు చూసే మనిషి), ఆ పైన శానిటరీ ఇన్‌స్పెక్టర్
- రోడ్డు, మోరీ కట్టడం, కల్వర్టు, నల్లా పైపు: ఇంజినీరింగ్ విభాగం, మీ డివిజన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్)
- ఆక్రమణలు, అనుమతి లేని కట్టడాలు: టౌన్ ప్లానింగ్
- పార్కు జాగ, లేఅవుట్ కాగితాలు: కార్పొరేషన్, లేఅవుట్‌కు అనుమతి ఇచ్చింది 'కుడా' (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) అయితే ఆ ఆఫీసు
- చెరువు, శిఖం (చెరువు నీళ్లు నిలిచే) భూమి: రెవెన్యూ, నీటిపారుదల శాఖలు

గ్రేటర్ వరంగల్‌లో 66 డివిజన్లు, కాజీపేట, కాశిబుగ్గ అని రెండు సర్కిల్ ఆఫీసులు ఉన్నాయి. మీ డివిజన్ నంబరు, సర్కిల్, జిల్లా ఈ మూడూ ముందు తేల్చుకోండి. 2021లో జిల్లాల పేర్లు మారాక నగరం హనుమకొండ, వరంగల్ రెండు జిల్లాల్లోకి వచ్చింది. ఖిలా వరంగల్ వైపు వాళ్లు హనుమకొండ కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తే మళ్లీ అటు పంపడానికే వారాలు పడుతుంది.

కార్పొరేటర్ పదవిలో ఉంటే ప్రతి అర్జీ కాపీ ఒకటి వారికి ఇవ్వండి. పాలకవర్గం లేని రోజుల్లో కమిషనర్ ఆఫీసుకే నేరుగా ఇవ్వండి, కొత్త పాలకవర్గం వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు.

## 3. సంఘాన్ని కాగితం మీదికి తెండి

రిజిస్ట్రేషన్‌కు కనీసం ఏడుగురు సభ్యులు చాలు. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదవుతుంది. నియమావళి ఒకటి రాయాలి. వేరే కాలనీ నియమావళిని జిరాక్స్ తీసి పేరు మార్చి పెట్టేస్తుంటారు, గొడవ వచ్చినప్పుడు అందులో ఏముందో ఎవరికీ తెలియదు. ఈ నాలుగు మాత్రం మీరే కూర్చుని రాసుకోండి: కమిటీ కాలం ఎంత, బ్యాంకు నుంచి డబ్బు తీయాలంటే ఎవరెవరి సంతకాలు కావాలి, ఏడాదికి ఎన్ని సర్వసభ్య సమావేశాలు, కిరాయికి ఉన్నవాళ్లకు సభ్యత్వం ఉందా లేదా.

కిరాయిదారులను తప్పకుండా చేర్చుకోండి. మన కాలనీల్లో కాకతీయ యూనివర్సిటీ పిల్లలు, ఎంజీఎం ఆసుపత్రిలో పనిచేసేవాళ్లు, ఎనుమాముల మార్కెట్ చుట్టూ బతికేవాళ్లు కిరాయి ఇళ్లలోనే ఉంటారు. వాళ్లను పక్కనపెట్టి సొంతిల్లు ఉన్నవాళ్లే సంఘం నడిపితే, చెత్త వేరు చేయమన్నప్పుడు సగం ఇళ్లు మీ మాట వినవు. వినకపోవడంలో తప్పు కూడా లేదు.

పనులు పంచేటప్పుడు పదవుల పేర్లు కాదు, పనుల పేర్లు రాయండి. చెత్త ఒకరికి, దీపాలు ఒకరికి, మోరీ ఒకరికి, పోలీసు సంబంధం ఒకరికి, లెక్కలు ఒకరికి. ఒక మనిషికి ఒకటే పని. అన్నీ అధ్యక్షుడే చూసుకునే చోట ఆయన కొడుకు పెళ్లి వచ్చినా, ఆయనకు ఆపరేషన్ అయినా కాలనీ ఆగిపోతుంది.

మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) మహిళా సంఘాల ఆర్పీ, అంటే రిసోర్స్ పర్సన్, మీ బస్తీలో ఎవరో కనుక్కుని మొదటి రోజే కలుపుకోండి. ఇంటింటికీ తెలిసిన మనిషి ఆమే. 2019 మున్సిపాలిటీల చట్టంలో ప్రతి వార్డుకు యువత, మహిళలు, సీనియర్ సిటిజన్లు, ప్రముఖులు అని నాలుగు కమిటీలు ఉండాలని రాసి ఉంది. మీ డివిజన్‌లో అవి ఉన్నాయా, మీ కాలనీ నుంచి ఎవరైనా ఉన్నారా అడగండి.

## 4. అర్జీ రాయడం, వెంటపడటం

ఒక అర్జీలో ఒకటే సమస్య రాయండి. పది సమస్యలు కలిపి రాస్తే ఏ విభాగానికీ చెందని కాగితం అవుతుంది. ఇలా రాయండి:

"మా కాలనీ 3వ లైనులో ఫలానా ఇంటి నంబరు నుంచి మెయిన్ రోడ్డు దాకా 140 అడుగుల మోరీ కూలిపోయి మురుగు రోడ్డు మీదికి వస్తోంది. ఫొటోలు, పటం జతచేశాము. ఎస్టిమేట్ వేయించగలరని మనవి. ఏఈ గారు వచ్చే రోజు చెప్తే మేము దగ్గరుండి చూపిస్తాము."

చివరి వాక్యం తీసేయకండి. కాలనీవాళ్లు దగ్గరుండి చూపిస్తామన్న చోటికి అధికారులు త్వరగా వస్తారు.

- రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకదాని మీద ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకుని తెచ్చుకోండి
- సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి, కార్పొరేషన్‌లో గ్రీవెన్స్ ఉంటాయి. కింది ఆఫీసులో ఇచ్చిన అర్జీ కాపీ పట్టుకునే అక్కడికి పోవాలి
- రెండు వారాలు కదలకపోతే పాత నంబరు వేసి గుర్తుచేస్తూ ఇంకోటి ఇవ్వండి
- అప్పటికీ జవాబు లేకపోతే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, ఆ అర్జీ మీద ఏ చర్య తీసుకున్నారో అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి

పని చేసినవాళ్లకు థ్యాంక్స్ చెప్తూ కూడా కాగితం ఇవ్వండి. సఫాయి అక్క పేరు, జవాన్ పేరు రాసి పై ఆఫీసర్‌కు ఒక మంచి మాట పోతే మీ కాలనీ వాళ్లకు గుర్తుంటుంది.

## 5. ముందు చెత్త సంగతి

పెద్ద పనుల జోలికి పోకముందు మొదటి రెండు నెలలు చెత్త ఒక్కటే పట్టుకోండి. ఖర్చు తక్కువ, ఫలితం అందరి కళ్లకూ కనపడుతుంది, సంఘం మీద నమ్మకం కుదురుతుంది.

తడి చెత్త ఒక బుట్ట, పొడి చెత్త ఒక బుట్ట. డైపర్లు, ప్యాడ్లు కాగితంలో చుట్టి విడిగా, బల్బులు, పాత మందులు, బ్యాటరీలు ఇంకోదాంట్లో. స్వచ్ఛ ఆటో వచ్చే సమయం డ్రైవర్‌తో మాట్లాడి ఖాయం చేసుకుని ప్రతి గల్లీ మొదట్లో రాసిపెట్టండి. పొద్దున్నే డ్యూటీకి పోయే ఇళ్ల బుట్టలు పక్కింటివాళ్లు ఇచ్చేలా జత కలపండి. రాత్రిపూట మూలమీద సంచి పారేసేది ఎక్కువగా ఆ ఇళ్లవాళ్లే, బండి టైమ్‌కు ఇంట్లో ఎవరూ ఉండక.

అందరూ చెత్త వేసే మూల ప్రతి కాలనీలో ఒకటి ఉంటుంది. దాన్ని తీసేయాలంటే ఒకే రోజులో నాలుగూ జరగాలి: పొద్దున ట్రాక్టర్‌తో మొత్తం ఎత్తించడం, కడిగి సున్నం చల్లడం, సాయంత్రానికి ముగ్గు వేసి పూలకుండీలు లేదా బెంచీలు పెట్టడం, ఆ రాత్రి నుంచి వారం రోజులు ఇద్దరిద్దరు అక్కడ నిలబడటం. మొదటి మూడూ చేసి నాలుగోది వదిలేస్తే నాలుగో రోజుకు మళ్లీ కుప్ప పడుతుంది. నిలబడినప్పుడు తిట్టకండి. "అక్కా, బండి ఏడున్నరకు వస్తది, అందులో వేయరాదే" అంటే చాలామంది సంచి వెనక్కి పట్టుకుపోతారు.

ఇల్లు కడుతున్నవాళ్ల ఇసుక, కంకర, కూల్చిన ఇటుక ముక్కలు మోరీ పక్కన పోయనీయొద్దు. పునాదికి ముగ్గు పోసే రోజే ఓనర్‌తో, మేస్త్రీతో మాట్లాడుకోవాలి.

## 6. మోరీలు, ఆ తర్వాతే రోడ్డు

ఇక్కడ తొందరపడితే డబ్బంతా నీళ్లపాలే. 2020 ఆగస్టులో, 2023 జూలైలో, మళ్లీ 2025 అక్టోబర్‌లో మన ఊరు మునిగింది. హంటర్ రోడ్డు వైపు బస్తీలు ప్రతిసారీ దెబ్బతిన్నాయి. బొందివాగు, నయీంనగర్ నాలా లాంటి పెద్దవాటి పని ప్రభుత్వం చేయాలి. మన గల్లీలో నీళ్లు ఆ నాలా దాకా పోతున్నాయా లేదా అన్నది మాత్రం మనమే చూసుకోవాలి.

నీళ్లు నిలిచిన చోట పూడిక తీయిస్తే రెండో వాన నాటికి మళ్లీ నిలుస్తాయి. కారణం ఎప్పుడూ కింద వైపు ఉంటుంది. టార్చ్ పట్టుకుని మోరీ వెంట దిగువకు నడవండి. రెండడుగుల వెడల్పుతో వచ్చిన మోరీ ఎవరిదో కారు ర్యాంపు కింద తొమ్మిది అంగుళాల సిమెంటు గూన (పైపు)లోకి దూరుతుంది. గూన మూతి దగ్గర ఒక కొబ్బరి బోండాం అడ్డంపడి ఉంటుంది, దానికి చుట్టుకుని పాత చీర ముక్క, ఆ చీరకు అంటుకుని పాల ప్యాకెట్లు, వాటి వెనక మోకాలి లోతు బురద. ఎగువన ముప్పై ఇళ్ల ముందు నీళ్లు ఆగేది ఆ ఒక్క గూన వల్ల.

సరిచేసే పద్ధతి:

1. ర్యాంపు ఉన్న ఇంటివాళ్లతో ముందు మనవాళ్లే మాట్లాడాలి. గూన తీసి, మోరీ వెడల్పుకు సరిపడా, ఎత్తి తీయగలిగే బిళ్లలు వేయించుకోమనండి. బండి మీద ఎక్కినా పగలని మందం ఉండాలి
2. వినకపోతే టౌన్ ప్లానింగ్‌కు రాతపూర్వకంగా. ఒక్క ఇంటి మీద కాదు, కొలతలతో సహా అలాంటి ర్యాంపులన్నిటి జాబితా ఇవ్వండి, పగ పట్టారన్న మాట రాదు
3. పూడిక తీయించడం మే నెలాఖరుకు అయిపోవాలి. తీసిన బురదను పక్కనే పోసి వదిలేస్తే తొలకరికి మళ్లీ అందులోనే పడుతుంది, ఆరాక రెండు మూడు రోజుల్లో ఎత్తించండి
4. కల్వర్టు ముందు ఇనుప జాలీ పెట్టించి, వానాకాలంలో దాన్ని శుభ్రం చేసే మనిషి పేరు రాసుకోండి

నాలా, చెరువుల పక్కన కట్టడాల మీద కన్నేసి ఉంచండి. భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది మీటర్ల లోపు వెడల్పున్న నాలాకు 2 మీటర్లు, అంతకంటే పెద్దదానికి 9 మీటర్లు వదలాలి. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు. పునాది తవ్వుతున్నప్పుడే అర్జీ ఇవ్వాలి, స్లాబ్ పడ్డాక ఎవరికైనా కష్టమే.

ఇక రోడ్డు. సీసీ రోడ్డు శాంక్షన్ అయిందనగానే సంబరపడి కొబ్బరికాయ కొట్టేస్తారు. ఆగి రెండు విషయాలు చూడండి. ఒకటి, నల్లా పైపు లీకులు, కొత్త కనెక్షన్లు ముందే పూర్తవ్వాలి, లేకపోతే నెల తిరక్కుండా కొత్త రోడ్డు తవ్వుతారు. రెండు, పాత రోడ్డు మీదనే కొత్తది పోస్తే ఎత్తు పెరిగి ఇళ్లు కిందకైపోతాయి, వాన నీళ్లు గడప దాటి వస్తాయి. మేస్త్రీలు మట్టం చూసే నీళ్ల పైపుతో పది ఇళ్ల గడప ఎత్తు, రోడ్డు ఎత్తు కొలిచి రాసుకుని, పాతది తవ్వి తీశాకే కొత్తది పోయాలని ఏఈ గారికి పని మొదలవ్వకముందే కాగితం ఇవ్వండి. పోసేరోజు కమిటీ నుంచి ఒకరు దగ్గరుండాలి, నీళ్లు మోరీ వైపు జారేలా వాలు ఉందో లేదో అప్పుడే చూడాలి.

సెప్టిక్ ట్యాంకులు చాలా ఇళ్లలో నేరుగా మోరీలోకి వదిలేశారు, వాసనంతా దానివల్లే. మూడేళ్లకోసారి ట్యాంకు ఖాళీ చేయించాలి. లైసెన్సు ఉన్న బండిని 14420 ద్వారా అడగొచ్చు. మన నగరానికి అమ్మవారిపేటలో శుద్ధి కేంద్రం ఉంది, బండి అక్కడికే పోతుందో లేదో కనుక్కోండి. ట్యాంకులోకి మనిషిని దింపితే ప్రాణం పోతుంది, అది నేరం కూడా. ఎవరు దిగబోతున్నా ఆపండి.

## 7. వెలుతురు, కెమెరాలు, పోలీసు

దీపం వెలగని చోట కెమెరా పెట్టి లాభం లేదు, రాత్రి నల్లటి బొమ్మే వస్తుంది. ముందు దీపాలన్నీ వెలిగించండి. కొన్నిచోట్ల దీపం బాగానే ఉంటుంది, కొమ్మలు కప్పేసి ఉంటాయి. తీగల దగ్గర కొమ్మలు కరెంటువాళ్లే లైన్ ఆపి కొట్టాలి, మీరు కర్ర పట్టుకుని నిచ్చెన ఎక్కకండి.

కెమెరాలు కాలనీలోకి వచ్చే, పోయే దారుల దగ్గర మొదట. మరీ ఎత్తున పెడితే తల పైభాగం తప్ప ముఖం కనపడదు. కొనేముందు స్టేషన్‌లో మాట్లాడండి. 'నేను సైతం' కార్యక్రమం కింద కాలనీ కెమెరాలను పోలీసులు ప్రోత్సహిస్తారు, ఎక్కడ పెట్టాలో వాళ్లకు బాగా తెలుసు.

నెలకోసారి చూడాల్సినవి:

- అన్ని కెమెరాలూ రికార్డు చేస్తున్నాయా. తెరమీద బొమ్మ రావడం వేరు, రికార్డవడం వేరు. నిన్న రాత్రి రెండు గంటల రికార్డు తీసి చూడండి
- డీవీఆర్‌లో (కెమెరాల రికార్డు దాచే పెట్టెలో) గడియారం సరిగ్గా ఉందా. కరెంటు పోయి వచ్చినప్పుడు తేదీ మారిపోతే దొంగతనం జరిగిన రాత్రి వెతకడమే నరకం
- లెన్స్ మీద సాలెగూడు, దుమ్ము తుడిచారా
- 30 రోజుల రికార్డు నిలుస్తోందా, యూపీఎస్ పనిచేస్తోందా
- ఎవరి కిటికీలోకో, వాకిట్లోకో చూస్తున్నట్టు తిరిగిపోయిందా

ఊరికి పోయేటప్పుడు పక్కింటికి, స్టేషన్‌కు చెప్పిపోయే అలవాటు పెట్టండి, మేడారం జాతరకు, దసరాకు, సంక్రాంతికి కాలనీలు ఖాళీ అవుతాయి కాబట్టి ఆ వారాల్లో కుర్రాళ్లు వంతులేసుకుని తిరిగితే మేలు. తిరిగేవాళ్లు ఎవరినీ ఆపి కొట్టడం, ఐడీ కార్డు లాక్కోవడం లాంటివి చేయొద్దు. అనుమానం వస్తే 100 లేదా 112. ఆడపిల్లలను వేధిస్తే షీ టీమ్స్, డబ్బు మోసం ఫోన్ వస్తే 1930. ఈ నంబర్లు ప్రతి గల్లీ మొదట గోడ మీద పెయింట్‌తో రాయించండి.

## 8. ఖాళీ జాగలు, పార్కు, చెట్లు

అనుమతి ఉన్న లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ స్థలం వదిలి, గిఫ్ట్ డీడ్‌తో స్థానిక సంస్థకు అప్పగించాలి. మీ కాలనీలో అది ఎక్కడుందో లేఅవుట్ కాపీ తీసి చూడండి. చుట్టూ కంచె, బోర్డు లేకపోతే కొన్నాళ్లకు అక్కడ ఇంటి నంబరు వెలుస్తుంది. పార్కు కట్టడానికి నిధుల కోసం ఎదురుచూడకుండా ముందు కంచె, బోర్డు అడగండి.

ముళ్ల కంప పెరిగిన ఖాళీ ప్లాటుకు ఓనర్ దొరక్కపోతే రిజిస్ట్రేషన్ శాఖ ఇచ్చే ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) పేరు దొరుకుతుంది. ముందు ఫోన్, తర్వాత సంఘం నోటీసు, ఆపైన కార్పొరేషన్‌కు అర్జీ.

మొక్కలు జూలైలో నాటండి. రెండడుగుల గుంత, ఎర్రమట్టి, పశువుల ఎరువు, ట్రీగార్డు. తీగల కింద గన్నేరు, నందివర్ధనం లాంటి చిన్నవి. తీగలు లేని వైపు వేప, కానుగ, పొగడ. కోనోకార్పస్ వద్దు. ప్రతి మొక్కకూ ఒక ఇంటి పేరు రాసుకోండి, మొదటి రెండేళ్లు ఏప్రిల్, మే నెలల్లో ఆ ఇంటివాళ్లే నీళ్లు పోయాలి.

## 9. దోమలు, కుక్కలు

డెంగీ దోమ మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది, వారం పది రోజుల్లో రెక్కలొస్తాయి. కాబట్టి ప్రతి శుక్రవారం కూలర్, తొట్టి, కుండీ కింద పళ్లెం, మిద్దె మీద పాత టైరు ఖాళీ చేయాలి. పొగ మందు ఒక్కదాన్నే నమ్ముకోకండి.

కుక్కలను తరిమితే పక్క వీధి కుక్కలు వస్తాయి. కార్పొరేషన్‌తో ఆపరేషన్, రేబిస్ టీకా చేయించాలి. 2023 నిబంధనల ప్రకారం ఆ తర్వాత వాటిని వీధిలోనే వదులుతారు. అన్నం పెట్టేవాళ్లకు పిల్లలు ఆడే చోటుకు దూరంగా ఒక జాగ చూపించండి, రోజూ గొడవ తప్పుతుంది.

## 10. పండుగను పనికి వాడుకోండి

ఎంగిలిపూల బతుకమ్మకు వారం ముందు ఆడే జాగ శుభ్రం చేయమంటే ఎవరూ కాదనరు. ఆ వారంలోనే దీపాలు, గుంతలు, ముళ్ల కంప అన్నీ చేయించుకోండి. వినాయక చవితి మండపం మోరీ మీద, మలుపు మీద వేయనీయొద్దు. పోలీసు అనుమతి, కరెంటు కనెక్షన్ ముందే తీసుకోవాలి, మైకు రాత్రి 10 తర్వాత ఆపాలి. చందా లెక్క నిమజ్జనం అయిన వారంలో అతికించండి, మిగిలింది కాలనీ ఖాతాలో వేయండి.

## 11. డబ్బు, లెక్కలు, అప్పగింత

నెల చందా చిన్నది పెట్టండి, అందరూ ఇవ్వగలిగేది. ఇవ్వలేని ఇల్లు ఉంటే పని రూపంలో తీసుకోండి. ఖర్చు రసీదులు ప్రతి నెలా 5వ తేదీలోపు నోటీసు బోర్డు మీద ఉండాలి, అడిగినప్పుడు చూపిస్తాం అంటే కుదరదు. ఏప్రిల్ 30 లోపు ఇంటి పన్ను కడితే ఆ ఏడాది పన్నులో 5 శాతం తగ్గుతుంది, కాలనీ అంతా కట్టేలా ఏప్రిల్ రెండో వారంలో గుర్తుచేయండి. పన్నులన్నీ కట్టిన కాలనీ కాగితం పట్టుకుపోయి మోరీ అడిగితే మాటకు బలం ఉంటుంది.

కమిటీ మారే రోజు పాత కార్యదర్శి ఇవ్వాల్సినవి: రిజిస్ట్రేషన్ కాగితం, నియమావళి, లేఅవుట్ కాపీ, బ్యాంకు పుస్తకం, ముద్రలున్న అర్జీలన్నీ తేదీల వరుసలో, డీవీఆర్ పాస్‌వర్డ్, స్తంభాల పటం, పూర్తికాని పనుల జాబితా. ఇవన్నీ అందాయని కొత్త కార్యదర్శి సంతకం తీసుకుని, దాని జిరాక్స్ ఒకటి నోటీసు బోర్డు మీద అతికించండి.